చేవెళ్ల మర్రిచెట్లు, 24 ఎంఎం లెన్స్

ఇప్పుడు మనం కనకమామిడి దగ్గర ఉన్నాం, హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ పోయే రోడ్డు మీద. రెండు పక్కలా ఈ పాత మర్రిచెట్లు చూస్తున్నారు కదా. రోడ్డు వెడల్పు పనితో వీటికి ముప్పు వచ్చింది. అందుకే ఫోటోలు తీయడానికి వచ్చాను.

నా చేతిలో ఉన్నది ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24 ఎంఎం ఎఫ్/1.4 ప్రైమ్ లెన్స్. జూమ్ లేదు, మనమే నడవాలి.

తెల్లవారుజామున మర్రి కింద ఇంకా చీకటే. ఎఫ్/4 కంటే ఎఫ్/1.4 ఎనిమిది రెట్లు వెలుతురు ఇస్తుంది. అంటే షట్టర్ 1/30 బదులు 1/250 పెట్టుకోవచ్చు. గాలికి ఊగే ఊడలు కూడా చెదరకుండా వస్తాయి.

మొదటిసారి నేను రోడ్డుకి అవతల నిలబడి తీశా. ఫ్రేమ్ నిండా తారు రోడ్డు, మూలన చిన్న చెట్టు! రెండోసారి ఊడకి మీటరు దూరంలోకి వెళ్లా, ఎఫ్/1.4 మాత్రం వదల్లేదు. ఊడ షార్ప్‌గా వచ్చింది, వెనక మాను మసకబారింది. ఫోటో బాగానే ఉంది, కానీ అది ఏ ఊరి మర్రో తెలీదు. రేపు ఉంటుందో లేదో తెలియని చెట్టు ఫోటోలో చెట్టే కనబడకపోతే ఎట్లా?

అందుకే చెట్టు మొత్తం కావాలంటే 14 మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టండి. ఎఫ్/1.4లోనూ ఏడు మీటర్ల నుంచి చివరిదాకా స్పష్టంగా ఉంటుంది. దగ్గరి ఊడ కూడా కావాలా? ట్రైపాడ్ వేసి, ఎఫ్/8 పెట్టి, గాలి ఆగేదాకా ఆగండి.

లారీలు వస్తుంటాయి, రోడ్డు మీద నిలబడొద్దు. మళ్లీ కలుద్దాం.