ఫ్రీహోల్డ్ కంటే ముందు భూమి



ఢిల్లీలో డీడీఏ ఫ్లాట్లు మొదట్లో లీజు మీద ఇచ్చినవే. అప్పట్లో నేల ప్రభుత్వానిది, ఇంట్లో ఉన్నవాళ్లు లీజుదారులు. రుసుము కట్టి ఫ్రీహోల్డ్‌గా మార్చుకునే పథకం 1992లోనే వచ్చింది. రేపు అమ్ముకుంటారన్న భయం దానికి అడ్డు రాలేదు.

మన అసైన్డ్ భూముల సంగతి వేరు. 1977 చట్టం ప్రకారం పేదలకిచ్చిన పొలాన్ని వారసులకు ఇవ్వొచ్చు, అమ్మడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 20 ఏళ్లు దాటిన అసైన్డ్ పొలాలపై పూర్తి హక్కుకు దారి తెరిచింది 2023 సవరణే.

అయినా ఆ నిషేధాన్ని నేను కొట్టిపారేయను. పరాధీనమైన భూమిని కొన్నవాడి నుంచి విడిపించి అసలు పట్టాదారుకు ఇప్పించే వీలు అదే చట్టంలో ఉంది. ఫ్రీహోల్డ్ అయిన రోజున ఆ రక్షణ పోతుంది.

కాబట్టి ఏది ముందన్నదే ప్రశ్న. చేతులు మారిన భూమి ముందు వెనక్కి రావాలి, ఫ్రీహోల్డ్ ఆ తర్వాత. లేకుంటే హక్కు మనవాళ్ల పేరున వచ్చి, భూమి కొన్నవాడికే ఖాయమవుతుంది.

పరిశోధకులుగా మనం చేయగలిగింది ఒకటుంది. మీ ఊళ్లో డీకేటీ పట్టా ఎవరి పేరున ఉందో, ఇవాళ దున్నుతున్నది ఎవరో పక్కపక్కన రాయండి. వాదన అక్కడి నుంచి మొదలుపెడదాం.