దూలం మీది యాత్రికుడు

చైనా రాజధాని బీజింగ్‌లోని వేసవి రాజప్రాసాదంలో సరస్సు ఒడ్డునే 728 మీటర్ల పొడవైన నడవా ఒకటి ఉంది. 1750లో కట్టారు, 1860 యుద్ధంలో కాలిపోయింది, తర్వాత మళ్లీ నిలబెట్టారు. దాని కొయ్య దూలాల మీద వేల బొమ్మలున్నాయి. పూలు, పక్షులు, కొండలు, వాటి నడుమ పాత చైనా నవలల పాత్రలు. తలెత్తి నడిస్తే చాలు, కథలు వరసగా ఎదురవుతాయి.

వాటిలో 16వ శతాబ్దపు 'పడమటి యాత్ర' నవల పాత్రలూ ఉన్నాయి. తెల్ల గుర్రమెక్కిన భిక్షువు, దండం పట్టిన వానరవీరుడు సున్ వుకాంగ్, పందిమొహం శిష్యుడు. ఆ వానరుణ్ణి చూస్తే మనకు హనుమంతుడే గుర్తొస్తాడు.

ఆ భిక్షువు పాత్రకు మూలం చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్. 7వ శతాబ్దంలో ఆయన మన ఆంధ్రదేశానికి వచ్చాడు. వేంగిని, ధాన్యకటకాన్ని గురించి రాసిపెట్టాడు. ఏలూరు దగ్గరి పెదవేగే ఆ వేంగి.

ఎక్కడో బీజింగ్ దూలం మీది రంగుల బొమ్మలో మన నేల తొక్కిన మనిషి ఉన్నాడు. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.