నిద్రపుచ్చు వైద్యుని జాగరూకత



శస్త్రచికిత్స యనగానే కత్తి పట్టిన వైద్యుడే కన్నుల మెదలును. మత్తుమందిచ్చి, రోగి ఊపిరిని, నాడిని కనిపెట్టుచుండు వైద్యుని పేరు రోగికి సైతము తెలియదు. అట్టివారిలో నొకరు అమెరికాలోని మేయో క్లినిక్కునకు చెందిన డాక్టరు జాన్ మికెన్‌ఫెల్డరు (1931-2004). మెదడు చికిత్సకు తగిన మత్తువైద్యము ప్రత్యేక శాస్త్రమగుటకు తోడ్పడినవారిలో ఆయన అగ్రగణ్యులు.

మెదడు శరీరపు బరువులో సుమారు నూటికి 2 వంతులే. కాని శరీరము వాడుకొను ప్రాణవాయువులో ఇంచుమించు ఐదవవంతు దానికే కావలెను. కొద్ది నిమిషములు రక్తము నిలిచినను దానికి తీరని కీడు కలుగును.

మెదడు వెనుకభాగమున చికిత్స చేయుటకు ఒక్కొక్కప్పుడు రోగిని కూర్చుండబెట్టుదురు. అప్పుడు తల గుండెకంటె ఎత్తున నుండుటచే, తెగిన సిర బయటి గాలిని లోనికి పీల్చుకొనవచ్చును. ఆ గాలి గుండెను చేరినచో ప్రాణాపాయము. సన్నని గొట్టమును ముందుగనే సిరగుండ గుండె కుడిగదికి చేర్చి, చొరబడిన గాలిని లాగివేయు పద్ధతిని మికెన్‌ఫెల్డరును, ఆయన సహచరులును 1966లో ప్రకటించిరి. రొమ్ముపై నుంచిన డాప్లరు పరికరపు ధ్వనిచే గాలిని పసిగట్టు విధానమును 1972లో పరీక్షించి వివరించిరి.

థయోపెంటాల్ అను మత్తుమందు మెదడును కాపాడునని పలువురు ఆశపడిరి. ఆయన కుక్కలకు దానిని పెద్ద మోతాదులలో ఇచ్చి, ఫలితమును 1974లో ప్రకటించెను. మెదడులోని విద్యుత్ క్రియ ఆగువరకు ప్రాణవాయువు వాడుక తగ్గెను. పిమ్మట ఎంత మందిచ్చినను మరి తగ్గలేదు. కాడి దించినచో ఎద్దునకు మేత కొంత తగ్గింపవచ్చును. కాని కొట్టమున కట్టివేసినను గడ్డి వేయక తప్పదు కదా! మెదడును అట్టిదే. పనికి కావలసినది మందు తగ్గించును. బ్రతుకునకు కావలసినది తగ్గింపజాలదు. గుండె ఆగి మరల కొట్టుకొన్నను స్పృహరాని 262 మందిని 1986లో ప్రకటితమైన పరిశోధనలో పరీక్షింపగా, ఆ మందువలన మేలు కానరాలేదు.

1973లో ఏర్పడిన మెదడు మత్తువైద్యుల సంఘమునకు ఆయన తొలి అధ్యక్షుడు. 1979 నుండి 1985 వరకు 'ఎనస్థీషియాలజీ' పత్రికకు సంపాదకుడు. 'ఎనస్థీషియా అండ్ ది బ్రెయిన్' అను గ్రంథమును 1988లో వెలువరించెను.

నిద్రించు రోగి ప్రశ్నింపలేడు. అతని బదులు వైద్యుడే ప్రశ్నింపవలెను. ఎంత ప్రియమైన నమ్మకమునైనను తూచి చూడవలెనని ఆయన కృషి నేర్పుచున్నది. అచ్చులో నున్నంతమాత్రమున నమ్మక, ఆధారమేదని యడుగు పాఠకుడే గ్రంథాలయమునకు అలంకారము.