ఎవరన్నారు? కాగితం ఏది?

ధర్మవరంలో మగ్గం కాడ, హిందూపురం బస్టాండులో, పెనుకొండ టీ కొట్టులో ఒకటే మాట. "మన ఫోన్లన్నీ వింటున్నారంట. అడిగే నాథుడే లేడంట." ఆ 'అంట' దగ్గరే ఆగుదాం. ఎవరన్నారు? కాగితం ఏది?

2022 మార్చి గుర్తుందా? అప్పుడూ ఇలాంటి మాటే. చంద్రబాబు హయాంలో ఆంధ్రప్రదేశ్ పెగాసస్ అనే ఫోన్ నిఘా సాఫ్ట్‌వేర్ కొన్నదని బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అన్నారు. కొనలేదంది టీడీపీ. సంగతి తేల్చడానికి మన అసెంబ్లీ ఏకంగా సభాసంఘం వేసింది. తమాషా ఏమంటే, పోలీసు శాఖ పెగాసస్ కొనలేదని అంతకుముందు ఏడాదే డీజీపీ కార్యాలయం సమాచార హక్కు కింద రాసిచ్చింది. అదీ కాగితమంటే! అయితే అది పోలీసు శాఖ మాట మాత్రమే. మిగతా శాఖల గురించి అందులో వెతక్కండి.

మరి అడిగే నాథుడు లేడా? ఉన్నాడు. రాష్ట్రంలో ఫోన్ వినాలంటే మామూలుగా హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వును ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్షా కమిటీ చూడాలి. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మొదలైన పద్ధతి ఇది. ఇందులో నాకు నచ్చనిదొకటుంది. ఉత్తర్విచ్చేదీ అధికారులే, చూసేదీ అధికారులే. జడ్జి ఉండడు. కాబట్టి "నిఘా మీద నిఘా లేదు" అంటే తప్పు. "చాలినంత లేదు" అంటే వాదించొచ్చు.

ఈసారి "ఫోన్లు వింటున్నారంట" అని మెసేజీ వస్తే పంపినవాళ్లనే అడగండి. ఎవరన్నారు? కాగితం ఏది? జవాబు రాకపోతే, ఇంకొకరికి పంపకండి. అనుమానం తీరకపోతే హోం శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫలానావాళ్ల ఫోన్ విన్నారా అంటే చెప్పరు. సమీక్షా కమిటీ ఎన్నిసార్లు కూర్చుందని అడగండి.