తలుపు తట్టిన మువ్వురు



చిత్తూరు సీమలో ఇంట ఎవరికైనను జబ్బు ముదిరినచో, ఇక రాయవేలూరు తీసికొనిపోవలసినదే యనుట పరిపాటి. అచ్చట చీటి వ్రాయించుకొని వరుసలో కూర్చుండు జనములో, ఆ ఆసుపత్రి ఎట్లు పుట్టినదో ఎరిగినవారు కొలదిమందియే. ఒక రాత్రి చేయలేకపోయిన పనినుండి అది పుట్టినది.

ఐడా సోఫియా స్కడ్డర్ 1870 డిసెంబరులో రాణిపేటయందు జన్మించెను. తాత జాన్ స్కడ్డర్ అమెరికానుండి ఈ దేశమునకు వచ్చిన తొలి వైద్య మిషనరీలలో నొకడు. తండ్రియు వైద్యుడే. వారి వంశమున మిషను సేవ పిత్రార్జితము వంటిది. ఐడా మాత్రము ఆ ఆస్తి తనకు వలదనుకొనెను. 1876-78 నాటి కరవులో ఆకలిగొన్న పిల్లలకు చిన్నతనమున తన చేతితో రొట్టె పంచిన జ్ఞాపకము ఆమెను ఈ దేశమునకు దగ్గర చేయలేదు, దూరమే చేసెను. 1890లో తల్లి జబ్బుపడుటచే ఆమె తిండివనము వచ్చెను గాని, తిరిగిపోవు తలంపుతోనే వచ్చెను.

అచ్చట నొకనాటి రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి తలుపు తట్టెను. భార్య ప్రసవవేదనతో ప్రాణముమీదికి వచ్చియున్నది; ఐడా రావలెనని ప్రార్థించెను. తనకు వైద్యము రాదనియు, తండ్రిని వెంటబెట్టుకొని పొమ్మనియు ఆమె చెప్పెను. పరపురుషుడు తన భార్యను చూచుటకు అతడు ఒప్పుకొనక వెడలిపోయెను. కొంతసేపటికి ఒక మహమ్మదీయుడు, అటుపిమ్మట మరియొక హిందువు అదే ఆపదతో వచ్చిరి. అదే సమాధానముతో మరలిపోయిరి. తెల్లవారి విచారింపగా మువ్వురు స్త్రీలును మరణించిరని తెలిసెను.

ఈ గాథ చెప్పువారు ఆ భర్తల కులమతములు చెప్పుదురు. ఆ స్త్రీల పేర్లు చెప్పరు. భర్తలను నిందించుట సులభము. కాని నడిరేయి పరాయిదేశపు వారి వాకిట నిలిచి వేడుకొనినవారికి భార్యలపై ప్రేమ లేదని ఎట్లనగలము? వారి ప్రేమను ఆచారము కట్టివేసెను. ఐడా కనికరమునకు విద్య లేకపోయెను.

గమనింపదగినది ఇచ్చటనే యున్నది. ఆమె కన్నీరు కార్చి ఊరకుండలేదు. చేతగాని సేవకు మరునాడే పూనుకొననులేదు. అమెరికాకు మరలి, ఏండ్ల తరబడి వైద్యవిద్య నభ్యసించి, 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయమునందు పట్టము పొందెను. మిషనరీల మతప్రచారమును గూర్చి ఎవరి అభిప్రాయము వారిది. క్రీస్తు ప్రేమయే తనను నడిపించినదని ఆమె విశ్వాసము. ఆ ప్రేమ శస్త్రము పట్టుట నేర్చుకొనువరకు ఓపికపట్టెను.

ఒక న్యూయార్కు ధనికుడు భార్య స్మారకముగా నిచ్చిన పదివేల డాలర్లతో ఆమె 1900లో తిరిగివచ్చెను. ఆ సంవత్సరముననే తండ్రి కాలధర్మము నొందెను. ఇంటిలోని ఒక చిన్న గదియే తొలి వైద్యశాల. 1902లో నలువది పడకల షెల్ ఆసుపత్రి వెలసెను. పిమ్మట ఆమె బండిలో మందులు వేసికొని గుడియాత్తము దారిని పోవుచుండగా, పసిపిల్లల తల్లులు, పుండ్లవారు, కుష్ఠరోగులు చెట్లక్రింద వేచియుండెడివారు.

తానొక్కతె ఎందరి యిండ్లకు పోగలదు? ఈ ప్రశ్నయే ఆమెను ఉపాధ్యాయినిగా చేసెను. 1909లో నర్సుల పాఠశాలను, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాలను నెలకొల్పెను. ఆడుపిల్లలు పరీక్షలో నెగ్గుట దుర్లభమని ఒక పెద్ద వైద్యాధికారి ముందుగనే హెచ్చరించెను. 1922లో తొలి తరగతి పరీక్షకు కూర్చుండెను, అందరును ఉత్తీర్ణులైరి! ఏ రాత్రి తలుపు తట్టినను లేచిపోగల ఈ దేశపు వైద్యురాండ్రు అట్లు బయలుదేరిరి.

1947లో ఆ కళాశాల పురుషులకును ప్రవేశము కల్పించెను. ఐడా 1960 మే నెలలో కొడైకెనాలునందు కన్నుమూసెను. నాటి షెల్ ఆసుపత్రి నేడు కంటి ఆసుపత్రిగా నడచుచున్నది. చిత్తూరు బస్సు దిగిన ముసలివారు చేతికఱ్ఱ ఊతతో దాని దారి అడుగుచుందురు.