నీరు తీసిన తరువాత



ఇంట్లోకి వాన నీరు వస్తే ఏం చేయాలి? "ఏముంది, ఎత్తి పోయడమే గదా" అంటారు చాలామంది. పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల కాపురముండే మనకు ఆ జవాబు చాలదు. ఇక్కడ 1970ల నుండి వెలసిన కర్మాగారాల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరిన చరిత్ర ఉన్నది. పల్లపు బస్తీలోకి పొంగివచ్చే నీళ్లలో ఏమేమి కలిసిందో కంటితో చూసి చెప్పలేము. 2020 అక్టోబరు 13 నాటి కుండపోత వంటిది మళ్లీ రాదని ఎవరనగలరు?

మొట్టమొదటి పని కరెంటు ఆపడం. నీళ్లలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టరాదు. లైన్‌మన్‌కు కబురు పెట్టాలి. మునిగిన మోటారునూ, ఫ్రిజ్‌నూ మెకానిక్ చూడనిదే వేయరాదు.

రెండవది తాగే నీరు. కాచి తాగితే సరి అని మన పెద్దలు చెప్పిన మాట నిజమే. కాని కాగితే చచ్చేవి క్రిములు, రసాయనాలు కావు. సంపులోకి, బోరులోకి వరద దిగితే, అందులోనూ రంగో ఘాటు వాసనో ఉంటే, ఆ నీరు కాచినా తాగరాదు, వంటకు వాడరాదు. పరీక్ష చేయించేదాకా మునిసిపాలిటీ మంచినీరు తెచ్చుకోవాలి. వరదలో తడిసిన బియ్యం, పిండి మీద ఆశ వదులుకోవాలి.

మూడవది, కడగకముందే ఫోటోలు తీసుకోవాలి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదులో ముంపుకు గురైన కుటుంబానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. అటువంటి సమయాన నష్టం చూపగలవారికి మాట చెల్లుతుంది. తడిసిన రేషన్ కార్డులు, సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు బలవంతంగా విడదీయక, నీడన పరిచి ఆరనివ్వాలి.

నాల్గవది బురద. అది ఎండి గట్టిపడకముందే తీయాలి. కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన నీరు పుండుకు తగిలినా జ్వరం పట్టుకుంటుంది. బ్లీచింగ్ పౌడరు, పాయిఖానా కడిగే యాసిడ్ ఎన్నడూ కలపరాదు. విషవాయువు పుడుతుంది.

ఇక గోడ. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల వారాల తరబడి చెమ్మ నిలుస్తుంది. పండుగ వస్తున్నదనో, పెళ్లివారు వస్తారనో తొందరపడి రంగు వేయిస్తే పొక్కిపోతుంది, ఉప్పు పూస్తుంది, బూజు పడుతుంది. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడమే మొదటి మందు. ఉబ్బసం ఉన్నవారినీ, పసిపిల్లలనూ ఆ గదిలో పడుకోబెట్టరాదు.

ఇదంతా తీరిక ఉన్నవారికి సరే. షిఫ్టు పోతే కూలి పోయే కార్మికుడు గోడ ఆరేదాకా ఎక్కడికి పోతాడు? కిరాయి గదిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ బురద ఎట్లా ఎత్తుతుంది? ఇంటి యజమానులైన మన సోదరులు ఆ నెల కిరాయి విషయంలో కొంచెం చూడాలి. యువకులు పారలు, బకెట్లు పట్టుకుని, కులమతాలు అడగకుండా, ముందుగా అటువంటి గడపలకే పోవాలి. ఏ బస్తీలో ఎవరికి తోడు లేదో ఆ పేర్లు వానాకాలం రాకముందే రాసిపెట్టుకుందాం. నీరు వచ్చిన రాత్రి వెతుక్కుంటూ కూర్చుంటే ఆలస్యమవుతుంది.