టీకా – తాత్పర్యము

(ప్లవ నామ సంవత్సర కార్తిక మాసంలో, ఆలయ ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా కార్తికంలో ఈ మండపంలో నేను పురాణం చెప్పడం, మీరు శ్రద్ధతో వినడం ఆనవాయితీ. ఈ ఏడు ధర్మకర్తలు నన్ను పిలిచి, "శాస్త్రిగారూ, ఒక సాయంకాలం ఆరోగ్యరక్షణ గురించి చెప్పండి. టీకా రెండవ మోతాదు వేయించుకోనివారు మనలో ఇంకా ఉన్నారు. వైద్యులు చెబితే విననివారు మీరు చెబితే వింటారు" అన్నారు. ఆ మాటకు సంతోషించవలసిన నేను తల దించుకున్నాను. నా మాట విన్నవాడొకడు ఈనాడు మన మధ్య లేడు. ఆ సంగతి ముందుగా చెప్పి, తక్కినది తరువాత చెబుతాను.

2021 మార్చి 1వ తేదీనుండి 60 ఏండ్లు నిండినవారికి కోవిడ్ టీకా ఇవ్వడం ప్రారంభమైనది. నాకు 74 ఏండ్లు, మా తమ్మునికి 68. వైద్యురాలైన మా మనుమరాలు ఆనాడే ఫోను చేసి, "తాతగారూ, మీరూ చిన్నతాతగారూ రేపే వెళ్ళి వేయించుకోండి" అన్నది. నేను పంచాంగం తీసినాను. శుక్రమౌఢ్యం నడుస్తున్నది. "మౌఢ్యం వెళ్ళనీ, ఉగాది దాటనీ, చూద్దాం" అన్నాను. మౌఢ్యం వివాహోపనయనాది శుభకార్యాలకే గాని, రోగభయం ముంచుకొని వచ్చినప్పుడు ఔషధానికి అడ్డు కాదని నాకు తెలియనిది కాదు. ఊరిలో నలుగురూ అనుకొనే మాటలు విని భయపడినాను. ఆ భయానికి శాస్త్రమనే ఉత్తరీయం కప్పినాను.

మా తమ్ముడు నా మాట దాటి ఎరుగడు. "అన్నయ్య వేయించుకున్ననాడే నేనూ" అన్నాడు. శొంఠి, మిరియాలు, తులసి, దాల్చినచెక్క వేసి కాచిన కషాయం ఇద్దరమూ రెండు పూటలా త్రాగుతూ, మాకేమీ కాదనే ధీమాతో ఉన్నాము. ఉగాది వెళ్ళిన పన్నెండవనాడు ఇద్దరికీ జ్వరం తగిలినది. నేను ఇంటిలోనే ఉండి కోలుకున్నాను. వాణ్ణి ఆసుపత్రిలో ప్రాణవాయువు మీద ఉంచినారు. చైత్రమాసం వెళ్ళకముందే వాడు వెళ్ళిపోయినాడు. నేను దగ్గర లేను. కర్మ కూడా వాని కుమారుడొక్కడే దూరంనుండి జరిపించినాడు.

టీకా పడి ఉంటే వాడు తప్పక బ్రతికేవాడని నేను అనను. దానివల్ల కలిగే అవకాశాన్ని మాత్రం నా మాటతో వానికి లేకుండా చేసినాను. అందుచేత ఇది పండితుడు చెప్పే ఉపదేశమని కాక, తప్పు చేసిన అన్న చెప్పే మాట అని వినండి.

నా చిన్నతనంలో స్ఫోటకం ఇంకా ఉండేది. మా గురువుగారి ముఖంనిండా ఆ మచ్చలే. నాకు ఎనిమిదేండ్లప్పుడు టీకాలు వేసే ఉద్యోగి మా ఊరికి వస్తే పిల్లలమంతా గడ్డివాముల వెనుక దాక్కున్నాము. గురువుగారు వీధి అరుగు మీద కూర్చుండి, ఉత్తరీయం తొలగించి, "ముందు నాకు వేయవయ్యా" అని చేయి చాచినారు. ఒకసారి స్ఫోటకం వచ్చి తగ్గినవారికి ఆ టీకాతో పని లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వచ్చినవానికీ తెలుసు. అయినా మేము చూడాలని ఆయన చేయి చాచినారు. మేము ఒక్కొక్కరమే వచ్చి వరుసలో నిలబడినాము. ఆ గుర్తు నా భుజం మీద ఇప్పటికీ ఉన్నది. 1975 తరువాత మన దేశంలో స్ఫోటకం లేదు. 1980లో ప్రపంచంలోనే అది లేకుండా పోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. శిష్యుల కోసం గురువుగారు చేయి చాచినారు. ఆయన శిష్యుడనైన నేను తమ్మునికోసం పంచాంగం తీసినాను. ఈ తేడా నన్ను నిద్రపోనివ్వదు.

ఇక విషయానికి వస్తాను. టీకా అనే మాట మనకు రెండు విధాల తెలుసు. సూదిమందుకు వాడే మాట చర్మం మీద పడే బొట్టువంటి గుర్తునుబట్టి వచ్చినది. సంస్కృతం చదువుకున్నవారికి టీక అంటే వ్యాఖ్యానం. ఈ రెండు మాటలూ వేరైనా, పని ఒక్కటేనని నాకు తోస్తుంది. మన మెదకు సీమలోని కొలచారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య వ్రాసినారు. దానికి సంజీవని అని పేరు. ఎంత తెలివైన విద్యార్థియైనా ఎన్నడూ చూడని కఠినశ్లోకం ఎదురైతే తడబడతాడు. ముందుగా టీక చదివినవాడు పదం కనబడగానే అర్థం గుర్తుపడతాడు. కోవిడ్ టీకా చేసేదీ ఇదే. కోవాగ్జిన్ టీకాను హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి తయారుచేసినవి. అందులో చంపబడిన వైరస్ ఉంటుంది. కోవిషీల్డులో మనలో వృద్ధిచెందలేని మరొక వైరస్, కరోనా పైనుండే ముల్లువంటి భాగం యొక్క ఆనవాలును మాత్రమే మోసుకొని వస్తుంది. రెండింటివల్లా రోగం రాదు. శత్రువు రూపురేఖలు శరీరానికి ముందే పరిచయమవుతాయి. ఒకటి రెండు దినాలు జ్వరం, చేయి నొప్పి కలిగితే శరీరం ఆ పాఠం చదువుకొంటున్నదని అర్థం. టీకా వేసుకున్నవారికి రోగం సోకవచ్చును. కాని అది ప్రాణాంతకంగా ముదిరే ప్రమాదం బాగా తగ్గుతుంది.

"మంచి ఆహారం తింటున్నాము, నియమంగా ఉన్నాము, మాకెందుకు టీకా?" అని అడిగేవారున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నవాడినే. దీనికి చరకసంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం చూడండి. గంగాతీరంలో శిష్యులతో నడుస్తూ ఆత్రేయ మహర్షి, జనపదాలను నాశనం చేసే ఉపద్రవం రాబోతున్నదని గ్రహించి, భూమి రసం కోల్పోకముందే ఓషధులను సేకరించుకొమ్మని ఆజ్ఞాపిస్తాడు. అగ్నివేశుడు ఒక సందేహం అడుగుతాడు: మనుష్యుల ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేరువేరు గదా, అందరికీ ఒకేసారి ఒకే వ్యాధి ఎట్లా వస్తుంది? గాలి, నీరు, నేల, కాలం అనేవి అందరికీ ఉమ్మడి, అవి చెడినప్పుడు భేదం లేక అందరూ పడిపోతారు అని ఆత్రేయుని సమాధానం. ఆనాటివారికి వైరస్సులు తెలుసునని నేను అనడం లేదు. కాని ఇందులో రెండు విషయాలున్నవి. ఔషధం ఉపద్రవానికి ముందే సిద్ధం కావాలి. ఉమ్మడిగా వచ్చే ఆపదకు ఒక్కని పథ్యం చాలదు. ఉమ్మడి రక్షణ కావాలి. నా పథ్యం నాకు మాత్రమే. నా టీకా నాతోపాటు ఈ క్యూలో నా వెనుక నిలబడిన ముసలితల్లికి కూడా కొంత కాపుదల.

అంటే ఆహారానికి విలువ లేదని కాదు. విద్యార్థికి ఎంత మంచి టీక ఇచ్చినా, ఆకలితో సొమ్మసిల్లేవాడు చదవలేడు గదా! మన శరీరంలో రక్షణకు నిలిచే కణాలలో చాలా భాగం ప్రేగుల పరిసరాలలోనే ఉంటవి. ప్రేగులలో లెక్కలేనన్ని మేలుచేసే సూక్ష్మజీవులు కాపురమున్నవి. మనకు జీర్ణం కాని పీచుపదార్థం వాటికి ఆహారం. దానిని అవి పులియబెట్టి ప్రేగుల గోడకు బలాన్నిచ్చే పదార్థాలు తయారుచేస్తవి. రాగులు, జొన్నలు, పొట్టుతో ఉన్న పెసలు, తోటకూర, గోంగూర, అరటిపువ్వు, అరటిదూట ఇవన్నీ వాటికి నైవేద్యాలే.

పెరుగు, మజ్జిగలలో జీవించి ఉన్న సూక్ష్మజీవులు లభిస్తవి. స్వామివారికి దధ్యోదనం నివేదించే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అయితే మజ్జిగపులుసు కాచినప్పుడు అవి నశిస్తవి. ఆ మేలు పచ్చి మజ్జిగలోనే ఉన్నది. ఇడ్లీ పిండి పులియడంవల్ల తేలికగా జీర్ణమవుతుంది. కాని ఆవిరిలో ఉడికిన తరువాత అందులో సూక్ష్మజీవులు మిగలవు. మన గోదావరి మండలాలలో పూర్వం ఇంటింటా తరవాణి కుండ ఉండేది. ఉదయం పిల్లలకు తరవాణి అన్నమో చద్దన్నమో పెట్టేవారు. నేడు మళ్ళీ మొదలుపెట్టేవారు శుభ్రత పాటించండి. రాత్రి అన్నం చల్లారగానే మంచినీరు గాని మజ్జిగ గాని పోసి మూతపెట్టి, ఉదయమే తినాలి. ఎండ ముదిరేదాకా ఉంచరాదు.

దాతలకు ఒక విన్నపం. అన్నదానానికి మీరిచ్చే ద్రవ్యంలో తీపి పదార్థాల పాలు కొంచెం తగ్గించి, ఆకుకూర పప్పుకు, చిక్కని మజ్జిగకు, వారానికొకనాడు రాగి అంబలికి కేటాయించండి. మధుమేహం ఉన్నవారికి కోవిడ్ ఎక్కువగా ముదురుతుందని వైద్యులు చెబుతున్నారు. వారికి ప్రసాదం ప్రసాదమంతే పెట్టండి.

ఇక బిళ్ళల సంగతి. ఈ రెండేండ్లలో విటమిన్ సి, జింకు బిళ్ళలు ఇంటింటా అక్షతలవలె చల్లబడినవి. అమెరికాలో 214 మంది కోవిడ్ రోగులపై జరిపి 2021లో ప్రకటించిన పరిశీలనలో, అధికమోతాదు జింకుగాని, విటమిన్ సిగాని, రెండూ కలిపిగాని ఇచ్చినా బాధలు తగ్గే కాలం చెప్పుకోదగినంత తగ్గలేదని తేలినది. విటమిన్ డి అతిగా మింగితే రక్తంలో సున్నం పెరిగి మూత్రపిండాలు చెడవచ్చును.

అట్లని బిళ్ళలన్నీ వ్యర్థమూ కావు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు సంగ్రహణివంటి ప్రేగుల వ్యాధితో స్వల్పవ్యవధిలో మరణించినారు. ఆయన సముద్రాలు దాటి వెళ్ళి, ఏండ్ల తరబడి శ్రమించి, తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని సాధించినారు. ఆ వ్యాధికే అది మందైనది. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు; ఆకుకూరలలో ఉండే పోషకం గనుక ఆ పేరు. సోదరుణ్ణి పోగొట్టుకున్న నేను ఆ మహనీయుని తరచు తలచుకొంటాను. ఆయన కథ చెప్పేది ఇది: లోపించినచోట ఆ పోషకం అమృతం, లోపం లేనిచోట వట్టి ఖర్చు. జ్వరం తగ్గిన తరువాత నాకు అరికాళ్ళు తిమ్మిరెక్కేవి. రక్తపరీక్ష చేయిస్తే బి12 తక్కువని తేలినది. శాకాహారులలో, వయసు మళ్ళినవారిలో, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఈ లోపం రావచ్చును. వైద్యులు మందిచ్చినారు, తగ్గినది. కనుక ముందు పరీక్ష, తరువాత బిళ్ళ. కషాయమూ అంతే. గొంతు నొప్పికి ఒక చిన్న గిన్నెడు హాయి. రెండు పూటలా మిరియాల ఘాటు త్రాగి నేను తెచ్చుకున్నది కడుపు మంట.

భక్తులు నన్ను అడిగిన రెండు సందేహాలు చెప్పి ముగిస్తాను.

టీకాలో దూడ రక్తం ఉన్నదా? కోవాగ్జిన్ తయారీలో వైరస్సును పెంచే కణాల పెంపకానికి దూడ రక్తపు సీరం వాడతారనీ, ఆ తరువాత కణాలను పలుమార్లు కడుగుతారనీ, తయారైన టీకాలో అది ఉండదనీ 2021 జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ వివరించినది. అయినా మనస్సు ఒప్పదనేవారికి నేను చెప్పేది ఒకటే: ధర్మాచరణకు మొదటి సాధనం శరీరం. ప్రాణరక్షణకు ఆపద్ధర్మాన్ని మన ధర్మశాస్త్రాలే అంగీకరించినవి.

ఏకాదశినాడు వేయించుకుంటే ఉపవాసం చెడుతుందా? సూదిమందు భోజనం కాదు. చెడదు. అయితే వృద్ధులు, మధుమేహులు నీరసంతో వెళ్ళక, కొంచెం ఫలహారం చేసి వెళ్ళడం మంచిది.

అక్టోబరు 21వ తేదీకి మన దేశంలో 100 కోట్ల మోతాదులు వేయడం పూర్తయినది. అయినా మొదటి మోతాదుతో ఆగిపోయినవారున్నారు. టీక సగం చదివి పరీక్షకు పోరాదు. 2021లో ఉన్న నియమం ప్రకారం కోవిషీల్డు వేసుకున్నవారికి 84 దినాలు, కోవాగ్జిన్ వారికి 28 దినాలు దాటితే రెండవదానికి వేళ అయినట్లే ఉండేది. గడువు దాటిపోయినదని మానవద్దు, ఇప్పుడైనా వెళ్ళండి. రోగం వచ్చి తగ్గిన మూడు నెలలకు, శ్రావణంలో, నేను మొదటిది వేయించుకున్నాను. మొన్న కార్తిక శుద్ధంలో రెండవది. ఈసారి పంచాంగం తీయలేదు. మా తమ్ముని కుమారుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళి, వానికంటె ముందు నేను చేయి చాచినాను.

రేపు ఉదయం మీ ఇంటిలో ఎవరైనా "చూద్దాంలే" అంటే, వారికి ఏ శ్లోకమూ చెప్పవద్దు. వెంట నడిచి వెళ్ళండి. స్వామి మనందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. స్వస్తి.